నలభైలో పదకొండు

చిరంజీవి లావణ్యకు,

మామయ్య ఆశీస్సులు. సైన్స్ డే క్విజ్‌కని నువ్వు పంపిన నలభై ప్రశ్నలూ ప్రింటు తీయించి, ఎర్ర పెన్ను పట్టుకుని రెండు రాత్రులు కూర్చున్నాను. పదకొండు బాగున్నాయి. మిగతావాటి మీద గీతలు చూసి చిన్నబుచ్చుకోకు, మొదటిసారి నేను రాసినవాటిలో అన్ని కూడా మిగల్లేదు.

ఏడో ప్రశ్న చూడు. "గది ఉష్ణోగ్రత వద్ద ద్రవంగా ఉండే మూలకం ఏది?" పాదరసం అని జవాబు రాశావు. మరి బ్రోమిన్ మాటేమిటి, అదీ ద్రవమేగా? 'మూలకం' కొట్టేసి 'లోహం' అంటే బ్రోమిన్ పోతుంది. అప్పుడింకో పిల్లాడు లేచి "గాలియం టీచర్" అంటాడు. అది 30 డిగ్రీల లోపే కరుగుతుంది, సీజియం ఇంకాస్త ముందే. మే నెలలో మన రెంటచింతలలో ఏ గదిలో పెట్టినా రెండూ కరిగి కూర్చుంటాయి. వాడిది తప్పని ఎలా అంటావు? "0 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా ద్రవంగానే ఉండే లోహం" అని అడుగు, గొడవ వదిలిపోతుంది. నీ జవాబు సరైందని నీకెలాగూ తెలుసు. ఇంకెవరి జవాబైనా దానికి అతుకుతుందేమో వెతకడమే అసలు పని.

పందొమ్మిదోది, "గుంటూరులో కనుగొన్న మూలకం ఏది?" హీలియం అని జవాబు రాశావు. సొంత ఊరి అభిమానం కొద్దీ ఒకసారి నేనూ ఇదే అడిగి భంగపడ్డాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చిన మాట నిజం. సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటాన్ని, అంటే వాటి వెలుగు విడిపోయి కనిపించే రంగుల పట్టీని, ఇక్కడే చూశాడు. అందులోని పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాదన్నది ఇంగ్లండులో లాకియర్. భూమి మీద హీలియంను పట్టుకున్నది 1895లో రామ్సే. "ముగ్గురిలో ఎవరు కనుక్కున్నట్టు మాస్టారూ?" అని తొమ్మిదో తరగతి పిల్ల అడిగితే మైకు పట్టుకుని నీళ్లు నమిలాను.

అదే సరుకుతో మంచి బజర్ ప్రశ్న వస్తుంది చూడు. "భూమి మీద దీన్ని మొదట ఒక యురేనియం ఖనిజంలో పట్టుకున్నారు. అంతకు ఇరవై ఏడేళ్ల ముందే సూర్యుడి వర్ణపటంలో దీని పసుపు గీత కనిపించింది. పేరు గ్రీకు సూర్యుడిది. బెలూన్లలో నింపుతారు." బాగా చదివిన పిల్ల మొదటి ముక్కకే బజర్ నొక్కుతుంది, మిగతావాళ్లకు బెలూను ఉండనే ఉంది. (చివరి ముక్క ఒక్కటే అడిగావో, తిరునాళ్ల బెలూన్లలో హైడ్రోజన్ కూడా ఉంటుందని మళ్లీ తగాదా.)

ఇక భాష. నువ్వు ఇంగ్లీషులో రాసుకుని తెలుగులోకి దించినట్టున్నావు. మన పుస్తకాల్లో వడి వేరు, వేగం వేరు: వేగానికి దిశ కూడా చెప్పాలి, వడికి అక్కర్లేదు. ఇంట్లో అన్నీ వేగమే. బస్సు లెక్కలో 'వేగం' అన్నావు, దిశ చెప్పలేదు. జవాబుల పట్టికలో నత్రజని, నైట్రోజన్ రెండూ రాసిపెట్టు. 'భారం' జవాబైన చోట 'బరువు' అంటే ఒప్పుకోవాలి, 'ద్రవ్యరాశి' అంటే ఒప్పుకోకూడదు అని కూడా రాయి. లేదంటే ఆ తీర్పు అప్పటికప్పుడు మీ హెడ్మాస్టరు గారి మీద పడుతుంది, ఆయన చెప్పేదేమో సోషలు.

శని ఉపగ్రహాలెన్ని అన్న ప్రశ్న కొట్టేశాను. 2025 మార్చిలో ఒక్కసారే 128 కలిపి 274 అన్నారు. పోటీ నాటికి ఎన్నవుతాయో! సి.వి. రామన్ పుట్టినరోజు ఫిబ్రవరి 28 అని రాసినందుకు మాత్రం నిన్ను తిట్టాల్సిందే. ఆయన పుట్టింది నవంబరు 7న. 1928 ఫిబ్రవరి 28 రామన్ ప్రభావాన్ని కనుక్కున్న రోజు.

తిరగరాశాక పక్కింటి పిల్లలకు పైకి చదివి వినిపించు, కాగితం చూపించకు. "ఏంటక్కా, మళ్లీ చెప్పు" అన్నారంటే ఆ వాక్యాన్ని రెండుగా విరిచెయ్యి. టై బ్రేకర్‌కి ఐదారు ప్రశ్నలు అదనంగా ఉంచుకో.

అన్నట్టు, చింతపండుతో తోమితే రాగిచెంబు ఎందుకు మెరుస్తుందని అడిగావే, అది పైకి చదువుతుంటే మీ అత్తయ్య వంటింట్లోంచే "పులుపు ఆ నల్లపొరను తినేస్తుంది" అంది. ఆక్సైడ్ పొర కరగడాన్ని అంతకన్నా బాగా నేనెప్పుడూ చెప్పలేదు. ఒప్పుకోవాల్సిన జవాబుల్లో అదీ రాశాను. అలాంటి ప్రశ్నలు ఇంకో పది రాసి పంపు.

మీ మామయ్య