కొత్త పెట్టల్ని గూట్లో కలిపే ముందు

చిట్టీ,

నాలుగు కొత్త పెట్టల్ని తెస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో మళ్లీ ఒకరు కోళ్లు పెంచుతున్నారంటే నాకు సంబరమే. కానీ "ఈ ఆదివారం తెచ్చి పాతవాటితో వదిలేస్తుందట" అనేసరికి గుండె దడ మొదలైంది. ఆ పని మాత్రం చెయ్యకు.

పాతవి కొత్తవాటిని పొడుస్తాయేమోనని నీకు టెన్షనట. పొడవకుండా ఎందుకుంటాయి? ఎవరు ముందు తినాలో, ఎవరు ఏ కర్ర మీద పడుకోవాలో వాటికి ఎప్పుడో తేలిపోయింది. నార్వేకి చెందిన షెల్డరుప్-ఎబ్బె అనే ఆయన 1921లోనే దీని మీద రాశాడు. చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే ఏ కోడి దేన్ని పొడుస్తోందో పుస్తకంలో రాసుకునేవాడట! కొత్తవి రాగానే ఆ వరస మళ్లీ మొదటికొస్తుంది. కొన్నాళ్లు రభస, గుడ్లు తగ్గడం, ఆ తర్వాత సర్దుబాటు. నాకు దాని భయం లేదు. నా భయమంతా తుమ్ములతోనే.

మీ పెదనాన్న ఒకసారి రెండు పెట్టల్ని గంపలో పెట్టుకుని ఇంటికొచ్చారు. నిగనిగలాడే ఈకలు, ఎర్రటి జుట్టు. "కొన్నాళ్లు విడిగా ఉంచుదాం" అన్నాను. "వీటికేం రోగం? నీకన్నీ అనుమానాలే" అని నవ్వి, గూటి తలుపు తీసి లోపలికి వదిలేశారు. రెండు వారాలు గడిచాయో లేదో, మా నల్లపెట్ట కంటి కొనలో సబ్బు నురగలా బుడగలు కనిపించాయి. తర్వాత ముఖం వాచింది. రాత్రి గూటి పక్కన నిలబడితే లోపల్నుంచి గురగురమని చప్పుడు. ఒకదాని తర్వాత ఒకటి తుమ్ములు మొదలెట్టాయి. విచిత్రమేమిటంటే, కొత్తవి రెండూ హాయిగా తిరుగుతున్నాయి! అవి ఎప్పుడో ఆ జబ్బు పడి లేచాయని, పైకి బాగున్నా క్రిమి ఒంట్లోనే ఉండిపోతుందని, చోటు మారిన బెదురుకి మళ్లీ బయటికి వస్తుందని పశువుల డాక్టరు చెప్పారు. మందులు వాడితే కొన్ని తేరుకున్నాయి. నల్లపెట్ట దక్కలేదు. మీ పెదనాన్న ఆ పూట అన్నం ముట్టలేదు. నేనూ ఒక్క మాట అనలేదులే, అనాలని నోటిదాకా వచ్చినా. తర్వాత పెరట్లో ఆ చివర వెదురుతో చిన్న గూడు కట్టి దానికి చుట్టాల గది అని పేరు పెట్టారు. ఇక ఎన్ని కొత్త కోళ్లొచ్చినా ముందు మకాం అందులోనే.

నువ్వూ అలాంటిదొకటి ఏర్పాటు చెయ్యి. పాత గూటికి ఎంత దూరమైతే అంత మంచిది. నెల రోజులు ఉంచు. గిన్నెలు వేరు, చెప్పులు వేరు. రోజూ ముందు పాతవాటికి మేత వేసి, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లు. తిరిగొచ్చాక చేతులు కడుక్కో. "అబ్బా పెద్దమ్మా" అని విసుక్కుంటావని తెలుసు. విసుక్కుంటూనే చెయ్యి. పెట్టను ఒళ్లో పెట్టుకుని తోక కింద ఈకలు విడదీసి చూడు. ఈక మొదట్లో తెల్లగా గుత్తులు అంటుకుని ఉంటే అవి పేల గుడ్లు. కొక్కెర తెగులు టీకా వేశారో లేదో అమ్మినవాళ్లను అడుగు. ఆ నెల రోజుల చివర్లో పాత పెట్టనొకదాన్ని వాటితో ఉంచి, దానికి జబ్బు వస్తుందేమో చూసేవాళ్లూ ఉన్నారు. తెలివైన పనే, నాకు మాత్రం మనసొప్పలేదు.

ఆ తర్వాతది తేలిక. మధ్యలో ఇనుప జాలీ కట్టి వారం, పది రోజులు ఒకదాన్నొకటి చూసుకోనివ్వు. మేత గిన్నెలు రెండు చోట్ల పెట్టు, ఒక గయ్యాళి రెంటికీ కాపలా కాయలేదు. నాలుగింటినీ కలిపే వదులు, ఒంటరిదైతే దెబ్బలన్నీ దానికే. దాక్కోవడానికి అడ్డంగా ఒక పలక ఆనించు. చీకటి పడ్డాక కొత్తవాటిని పాతవాటి పక్కన కర్రెక్కించినా మంచిదే, కానీ తెల్లారకముందే నువ్వక్కడ ఉండాలి. నీకు ఏడింటి దాకా నిద్ర కదా, అలారం పెట్టుకో. ఈకలు ఊడితే కంగారు పడకు. రక్తం కనిపిస్తే మాత్రం ఆ కోడిని వెంటనే వేరు చెయ్యి, ఎరుపు చూస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. మరీ మొండి పెట్ట ఉంటే దాన్నే కొన్ని రోజులు విడిగా పెట్టు, తిరిగొచ్చేసరికి పొగరు దిగుతుంది.

కొత్తవి ఇంకా గుడ్డుకు రాలేదంటే వాటికి లేయర్ దాణా, అంటే గుడ్లు పెట్టే కోళ్ల మేత, పెట్టకు. అందులో సున్నం ఎక్కువ, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అన్నిటికీ ఎదిగే కోళ్లకు వేసే గ్రోయర్ దాణా వేసి, గుడ్లు పెట్టేవాటికి ఆల్చిప్పల ముక్కలు వేరే గిన్నెలో పెడితే సరి.

గూడు ఫోటో ఒకటి పంపు. పడుకునే కర్రలు చాలవేమోనని నా అనుమానం, ఒక్కో కోడికి జానెడు చోటైనా ఉండాలి.

ప్రేమతో,
పెద్దమ్మ