అతని బల్ల మీది కాగితం

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. అమెరికాలో అధ్యక్షుడు పోయి, అనుభవం లేని ఉపాధ్యక్షుడు గద్దెనెక్కితే ఎలా ఏలతాడో చెప్పాలని కూర్చుని, మూడొంతులు అతని పుట్టుపూర్వోత్తరాలకే ఖర్చుపెట్టేశావు. జోస్యానికి అవి పెద్దగా పనికిరావు. చెస్టర్ ఆర్థర్ న్యూయార్క్ కస్టమ్స్ కార్యాలయంలో పార్టీవాళ్లకు ఉద్యోగాలు పంచిన మనిషి. 1881లో అధ్యక్షుడు గార్ఫీల్డ్ తూటా దెబ్బకు పోతే, ఉపాధ్యక్షుడిగా ఉన్న ఇతను అధ్యక్షుడయ్యాడు. పరీక్షలు పెట్టి ఉద్యోగాలివ్వాలన్న పెండిల్‌టన్ చట్టం మీద 1883లో సంతకం చేసింది అతనే.

ఐదుగురి పేర్లు ఏకరువు పెట్టకుండా ట్రూమన్ ఒక్కడినే ఉంచు. ఉపాధ్యక్షుడిగా ఉన్నది 82 రోజులే. 1945 ఏప్రిల్ 12 మధ్యాహ్నం అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పోయాడు, రాత్రి ఏడు దాటగానే ఇతని ప్రమాణం అయిపోయింది. అక్కణ్ణుంచి ఏ రోజు ఏ కాగితం బల్ల మీదికొచ్చింది, ఎవరు తెచ్చారు, చదివాడా లేదా అని ఒక పట్టిక గీసుకో. రాయడం ఆ తర్వాత.

అణుబాంబు సంగతి చూడు. సెనేటర్‌గా యుద్ధ ఖర్చుల మీద విచారణ నడుపుతూ ఈ రహస్య ప్రాజెక్టు దాకా వెళ్తే, యుద్ధమంత్రి స్టిమ్సన్ వద్దన్నాడు, ట్రూమన్ ఆగిపోయాడు. ప్రమాణం చేసిన రాత్రి అదే స్టిమ్సన్ రెండు ముక్కలు చెవిన వేశాడు. పూర్తి వివరం చెప్పింది ఏప్రిల్ 25న.

నీ వ్యాసానికి గుండెకాయ మాత్రం మే నెల. యుద్ధంలో మిత్రదేశాలకు అమెరికా పంపే సరుకుల సాయాన్ని (లెండ్-లీజ్) తగ్గించే ఉత్తర్వు పట్టుకుని ఇద్దరు అధికారులొచ్చారు. రూజ్‌వెల్ట్ ఒప్పుకున్నదే, సంతకమే మిగిలింది అన్నారు. ట్రూమన్ చదవకుండానే పెట్టేశాడు. కిందివాళ్లు దాన్ని అక్షరం పొల్లుపోకుండా అమలు చేసేసరికి రష్యాకు బయల్దేరిన ఓడలు నడిసముద్రంలో వెనక్కి తిరిగాయి. స్టాలిన్‌కు ఒళ్లు మండింది, ఉత్తర్వు మార్చుకోక తప్పలేదు. ‘పాతాయన ఒప్పుకున్నారు’ అన్న మాటే కొత్తవాణ్ణి ముంచుతుంది. (మన ఆఫీసుల్లో కొత్త అధికారికి పాత గుమాస్తా చెప్పేదీ ఇదేగా!)

రూజ్‌వెల్ట్ మంత్రులందరినీ ట్రూమన్ ఉండమన్నాడని మురిసిపోకు. జూలై దాటకముందే విదేశాంగ, ఆర్థిక మంత్రులిద్దరూ మారారు.

ఇంకొకటి. ట్రూమన్ తన ఉపాధ్యక్షుడితో మాట్లాడి బాంబు నిర్ణయం తీసుకున్నాడని మూడో పేజీలో రాశావు. 1949 జనవరి దాకా అతనికి ఉపాధ్యక్షుడే లేడు. మధ్యలో ఆ ఖాళీ నింపే వీలు రాజ్యాంగంలోకి వచ్చింది 1967లో. ఆ వాక్యం కొట్టేసి మళ్లీ పంపు.