మూడో సీను గురించి

చెల్లీ,

డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోసం, అదే మనం పాత్రలు వేసుకుని డైస్‌తో ఆడే కథల ఆట కోసం, నువ్వు రాసిన సాహసం రెండుసార్లు చదివాను. వాగు, కూలిన వంతెన, అవతలి గట్టు మీది పొదలు నా కళ్లకు కట్టాయి. మూడో సీనులో మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 'ఆరు గోబ్లిన్లు ఒక్కసారిగా మీద పడతాయి, పార్టీ అంతా సర్‌ప్రైజ్ అయింది' అన్నావు. పార్టీ, అంటే ఆటగాళ్ల పాత్రల బృందం, మాటును పసిగట్టలేదని మనం ముందే తేల్చేయకూడదమ్మా. గోబ్లిన్లు స్టెల్త్ రోల్ (ఎంత బాగా దాక్కున్నాయో తేల్చే డైస్) వేయాలి, దాన్ని ఒక్కో పాత్ర పాసివ్ పర్సెప్షన్‌తో (డైస్ వేయకుండానే పసిగట్టే శక్తిని చెప్పే అంకెతో) పోల్చాలి. 2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ రూల్స్ ప్రకారం ఒక్క గోబ్లిన్‌ను పసిగట్టినా ఆ పాత్ర సర్‌ప్రైజ్ కానట్టే. ఎవరో ఎంతో ఇష్టంగా చురుకు చూపున్న రేంజర్‌ను తయారు చేసుకుని వస్తారు. నీ వాక్యం వాళ్ల కష్టాన్ని తుడిచేస్తుంది. దాని బదులు పొదల్లో పక్షుల చప్పుడు ఆగిపోయిందని రాయి, బురదలో తడి ఆరని అడుగులున్నాయని రాయి. మిగతాది డైస్ చూసుకుంటుంది.

ఏ రూల్స్‌తో ఆడాలో కూడా పైనే రాసిపెట్టు. 2014 పుస్తకంలో సర్‌ప్రైజ్ అయినవాళ్లు తమ మొదటి టర్న్‌లో కదలలేరు, యాక్షన్ తీసుకోలేరు, ఆ టర్న్ ముగిసేదాకా రియాక్షన్ (ఎదుటివాళ్ల పనికి చటుక్కున ఇచ్చే జవాబు) కూడా లేదు. కొత్తవాళ్లు ఇక్కడే పొరపడతారు. ఎవరి టర్న్ ముందో తేల్చే ఇనిషియేటివ్ డైస్‌లో విజార్డ్‌కు (మంత్రగాడికి) 19, గోబ్లిన్లకు 12 వచ్చాయనుకో. విజార్డ్ టర్న్ ఊరికే గడిచిపోతుంది, కానీ గోబ్లిన్ బాణం వచ్చేసరికి అతని రియాక్షన్ తిరిగి వచ్చేసింది. షీల్డ్ స్పెల్ వేసుకోవచ్చు! 2024 రూల్స్‌లో ఇదంతా లేదు. సర్‌ప్రైజ్ అయినవాళ్లు ఇనిషియేటివ్‌కు రెండు డైస్ వేసి చిన్న అంకె తీసుకుంటారు, అంతే.

ఆన్‌లైన్ ఆటకు నేను 2024 పద్ధతే ఎంచుకుంటాను. ఒకే గదిలో ఆడేటప్పుడు టర్న్ పోయినవాళ్లు పక్కవాళ్ల ఆట చూస్తూ నవ్వుతూ ఉంటారు. స్క్రీన్ ముందు ఒంటరిగా, మైక్ మ్యూట్‌లో పెట్టుకుని పావుగంట కూర్చోవడం వేరు. అలా కూర్చున్న మనిషి మనసు ఆటలోంచి వెళ్లిపోవడం చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ బాధేసింది.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. ఒకసారి నేను వర్ణన మొదలుపెట్టకముందే గోబ్లిన్ టోకెన్లు (వాటిని చూపే బొమ్మలు) స్క్రీన్ మీది మ్యాప్‌లో కనిపించేశాయి. నెలరోజులు అల్లుకున్న మాటు ఒక్క క్లిక్‌తో పోయింది. అప్పటినుంచి ఆన్‌లైన్‌లో ఆడే రోల్‌20లో అయితే వాటిని ముందే జీఎం లేయర్‌లో, అంటే ఆట నడిపేవాళ్లకు మాత్రమే కనిపించే పొరలో, ఉంచుతాను. అలాంటిదే అయిన ఫౌండ్రీలో అయితే టోకెన్‌తోపాటు కంబాట్ ట్రాకర్‌లో (పోరాటంలో టర్న్‌ల వరుస చూపే జాబితాలో) వాటి పేరు కూడా దాచేస్తాను. పేరు కనిపిస్తే టోకెన్ దాచి లాభం లేదు. ఆరు గోబ్లిన్లకూ కలిపి ఒకే ఇనిషియేటివ్ వేయి, ఆట సాగదు అన్న టెన్షన్ ఉండదు. స్టెల్త్ రోల్ మాత్రం ఆటగాళ్లకు కనబడకుండా వేయి. ఎవరూ అడగని డైస్ చాట్‌లో దొర్లితే అందరూ కత్తులు దూస్తారు.

ఇంకొకటి. ఎవరో ఒకరు 'నేను బాణం వేసేశా!' అని అరుస్తారు. ఆ బాణాన్ని ఫ్రీగా ఇచ్చేసి ఆ తర్వాత ఇనిషియేటివ్ అడగకు. చెయ్యి వింటి మీదికి వెళ్లిన క్షణంలోనే అందరిచేతా ఇనిషియేటివ్ వేయించు. అతని కదలికను ఎదుటివాళ్లు చూసి అతనికంటే ముందే స్పందించారేమో డైస్ చెబుతుంది. సీనులో డీఎం (ఆట నడిపేవాళ్లు) కోసం ఈ ఒక్క సూచన రాసిపెట్టు, చాలా గొడవలు తప్పుతాయి.

మూడో సీను తిరగరాసి ఆదివారంలోగా పంపు. మా వాళ్లతో ఆడించి చూస్తాను. పొదల్లో ఏముందో వాళ్లకు చెప్పను.

నీ అక్క