పేర్లు లేని ఆర్డరు తెచ్చుకోకు

రాజమహేంద్రవరం

అమ్మడూ,

నిన్న మీ అమ్మ ఫోన్లో సగం ఏడ్చింది, సగం మురిసిపోయింది. హైదరాబాదులో ఒకటో తారీఖుకి జీతం పడే ఉద్యోగం వదిలేసి, భీమవరం అవతల రొయ్యల ప్లాంటులో తలలు తీసే ఆడవాళ్ల పీఎఫ్ కేసు నెత్తికెత్తుకున్నావట. అరవై రెండు మంది. యజమాని పీఎఫ్ బాకీ తేల్చే 7ఏ సెక్షన్ విచారణ మొదలై ఆరేళ్లు, ఇంకా వాయిదాలే. "నువ్వైనా దానికి చెప్పు అన్నయ్యా" అంది. వద్దని చెప్పడానికే కాగితం తీశాను. రెండు ముక్కలు రాసేసరికి చెయ్యి ఇటు తిరిగింది.

నీకు తెలిసిన పనులు ముందు కానిచ్చేద్దాం. అందరి దగ్గరా సంతకమో వేలిముద్రో వేయించి అధికార పత్రం తీసుకో. పీఎఫ్ పాస్‌బుక్కులు దింపి ఏయే నెలలు ఖాళీగా ఉన్నాయో గుర్తు పెట్టు. ఆఫీసులో ఇచ్చే ప్రతి కాగితానికీ అందినట్టు ఇన్‌వార్డు ముద్ర పడ్డ కాపీ నీ దగ్గర ఉండాలి. ఖర్చులకి భయపడకు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్లకీ పారిశ్రామిక కార్మికులకీ ఆదాయం ఎంతని అడక్కుండానే ఉచిత సాయం ఉంది.

ఇక అసలు సంగతి. ఈ కేసులు నడిపిన మా తరం వాళ్లందరం చేసిన తప్పు ఒకటుంది. నువ్వూ అదే చేస్తావని నా భయం, ఎందుకంటే అది తప్పులా కనపడదు, చురుకుదనంలా కనపడుతుంది. ఆలస్యమంతా ఆఫీసరుదీ యజమానిదీ అనుకుని, ఎలాగోలా ఆర్డరు రావాలని తొందరపెట్టేవాళ్లం. ఆర్డరు వచ్చేది కూడా. పీఎఫ్ ఆఫీసు ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసరు బ్యాలెన్స్ షీటు తీసి, కూలి ఖర్చుల పద్దులో ఉన్న మొత్తం మీద శాతం కట్టి, ఇన్ని లక్షలు బాకీ అని రిపోర్టు రాసేవాడు. దాని మీదే ఆర్డరు. అందులో అంకె ఉండేది, మనిషి పేరు ఒక్కటీ ఉండేది కాదు. యజమాని అప్పీలుకి వెళ్లి ఒక్కటే అడిగేవాడు: ఎవరికి కట్టాలో తేల్చకుండా ఎంత కట్టాలో ఎలా తేల్చారని. ఫుడ్ కార్పొరేషన్ కేసులో (1990, 1 ఎస్‌సీసీ 68) సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే దారిలో ఉంది. సివిల్ కోర్టుకున్న అధికారాలు పీఎఫ్ కమిషనరుకి ఉన్నాయి, వాటిని వాడి సాక్ష్యం తెప్పించి తేల్చాలి గానీ ఊహ మీద తేల్చకూడదని. ఇంకేముంది, కేసు వెనక్కి. కొత్త ఆఫీసరు, కొత్త నోటీసు, మళ్లీ మొదటి మెట్టు. ఒకవేళ యజమాని డబ్బు కట్టినా ఏ యూఏఎన్‌కి (మనిషికో పీఎఫ్ నంబరు) జమ చెయ్యాలో తెలియక, ఏ ఆడకూతురి పాస్‌బుక్కులోనూ రూపాయి కదిలేది కాదు.

కాబట్టి నీ మొదటి నెల కోర్టుది కాదు, పేర్లది.

అది ఎంత చిక్కో చెబుతాను విను. మస్టర్లో, అంటే హాజరు పుస్తకంలో, 'చిట్టి' అని ఉంటుంది. ఆధార్లో కనకదుర్గ. ఈఎస్ఐ కార్డులో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో అత్తింటిది. నాలుగూ ఒక్క మనిషే. అదే మస్టర్లో చిట్టెమ్మలు ముగ్గురుంటారు, వాళ్లు ముగ్గురూ వేరు వేరు. అవతలి ప్లీడరు లేచి "ఈ చిట్టి ఎవరో మాకు తెలీదండీ" అంటే ఒక వాయిదా. అరవై రెండు మంది మీద అరవై రెండుసార్లు లేవగలడతను, అందుకే కదా ఫీజు.

లాంగు నోటుబుక్కు ఒకటి తీసి, మనిషికో పేజీ ఇవ్వు. మస్టర్లో పిలిచే పేరు, ఆధార్ పేరు, తండ్రి పేరు, భర్త పేరు, పుట్టిన తేదీ, ఏ సీజన్లో చేరింది, ఎప్పుడు మానింది, ఏ మేస్త్రీ కింద, యూఏఎన్, ఈఎస్ఐ నంబరు, నామినీ ఎవరు. కింద సగం పేజీ రుజువులకి వదులు. గేట్ పాసు, ఐడీ కార్డు, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు, బోనస్ చీటీ, ఏది ఉంటే అది. ఏదీ లేని వాళ్ల గురించి పక్కన కూర్చుని పనిచేసిన ఇద్దరి చేత అఫిడవిట్ ఇప్పించు. ఇద్దరూ అదే ఊరి వాళ్లు కాకుండా చూడు, బంధువులంటారు.

వేలిముద్రల దగ్గర ఓపిక పట్టు. ఐసులో నాని నాని వాళ్ల వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి ఉంటాయి, గీతలు అరిగిపోయి మిషను తీసుకోదు. యూఏఎన్ పనికైతే ఉమంగ్ యాప్‌లో ముఖంతో ధ్రువీకరణ వచ్చింది, అది వాడు. షిఫ్టు దిగి వచ్చిన మనిషిని నిలబెట్టి ప్రశ్నలెయ్యకు. ఆదివారం ఇంటికి వెళ్లు, పెట్టిన టీ తాగు.

ఇక యజమాని సాకులు. కిలోకి ఇంతని కూలి కాబట్టి వాళ్లు ఉద్యోగులు కారంటాడు. కిలో లెక్క కూలి కూడా వేతనమే. మేస్త్రీ మనుషులు, నాకు సంబంధం లేదంటాడు. మేస్త్రీ ద్వారా పెట్టుకున్నా ముందు కట్టాల్సింది ప్లాంటు వాడే, తర్వాత 8ఏ సెక్షన్ కింద మేస్త్రీ దగ్గర రాబట్టుకోవచ్చు. ఈ రెండూ ఆఫీసర్లకి తెలిసినవే, వాటి మీద గొంతు చించుకోకు.

మూడోది మాత్రం మన గడ్డ మీద పుట్టిన సాకు: "గోదారికి రికార్డులు కొట్టుకుపోయాయి." 1986 ఆగస్టు వరదని, 1996 నవంబరు తుపాన్ని ఏళ్ల తరబడి వాడుకున్నారు. ఇప్పుడు 2022 జూలై వంతు. షెడ్డులోకి రాని నీళ్లు ఫైళ్లలోకి వస్తాయి. దానికి ఎదురు కేకలెయ్యకు. ఏ తేదీన, ఏ గదిలో, ఏ రిజిస్టర్లు పోయాయో ప్రమాణపత్రం మీద రాసిమ్మని అడగమని ఆఫీసరుకి పిటిషన్ పెట్టు. బీమా క్లెయిము వేసి ఉంటే ఆ కాపీ తెప్పించమను. తడిసిన రొయ్యల స్టాకు కిలోలతో సహా రాసి, రిజిస్టర్ల మాటే ఎత్తకపోతే అదే నీకు జవాబు. రికార్డులు నిజంగానే పోయినా కాపీలు వేరే చోట్ల బతికుంటాయి. ఈఎస్ఐ వాళ్ల దగ్గర ఎంతమందికి చందా కట్టాడో ఉంటుంది. ఆదాయపు పన్ను ఆడిట్ రిపోర్టు ఫారం 3సీడీలో, 20(బి) కింద, కార్మికుల వాటా ఎంత పట్టుకున్నాడో, ఎప్పుడు కట్టాడో ఆడిటరే రాసి సంతకం పెడతాడు. పన్ను దగ్గర ఒక మాట, పీఎఫ్ దగ్గర ఒక మాట చెప్పిన వాళ్లు దొరికేది అక్కడే. ఇవన్నీ సమన్లు ఇచ్చి తెప్పించమని లిఖితపూర్వకంగా అడుగు. నోటితో అడిగింది ఫైల్లోకి ఎక్కదు.

ఆడవాళ్ల దగ్గరున్న కాగితాల మాట కూడా మర్చిపోకు. లంకల్లో ఉన్న ఆడవాళ్ల ఇళ్లలో అసలు కాగితాలు తడిసేలా వదలకు, అలాగని నువ్వు అట్టేపెట్టుకోకు. ఫోటో తీసి, అసలుది పాలిథిన్ కవర్లో చుట్టి వాళ్ల ఇంట్లోనే అటక మీద పెట్టించు. జూలై రాకముందే పంటు దాటి ఆ పని ముగించుకో.

ఇప్పుడు వాయిదాల లెక్క. విచారణ ఫైల్లో ప్రతి తేదీకీ ఆర్డర్ షీటు ఉంటుంది. కాపీలకి దరఖాస్తు పెట్టు. ఇవ్వకపోతే 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి సమాచార హక్కు కింద అడుగు, 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. వచ్చిన వాటిని ఒకే కాగితం మీద పట్టీ వెయ్యి: తేదీ, ఆఫీసరు హోదా, ఎవరు వాయిదా అడిగారు, ఏం కారణం చెప్పారు, తర్వాతి తేదీ. విశేషణాలొద్దు. ఆఫీసరు బదిలీ వల్ల ఎన్ని, రిపోర్టు రాక ఎన్ని, యజమాని రాక ఎన్ని అన్నది ఆ పట్టీయే చెబుతుంది. అందులో నీ పేరు మీద ఒక్క వాయిదా ఉండకూడదు. జ్వరమొచ్చినా ఎవర్నో ఒకర్ని పంపు. నిజంగా జ్వరమొస్తే నాకు చెప్పు, నేనొస్తాను.

గడువుల సంగతి కాస్త జాగ్రత్తగా చదువు. 1952 పీఎఫ్ చట్టంలో 7ఏ విచారణ ఇన్నాళ్లలో ముగించాలని లేదు, అందుకే ఇన్నేళ్లు సాగింది. 2020 సామాజిక భద్రతా కోడ్ 125వ సెక్షన్‌లో పెట్టారు: వీలైనంతవరకు రోజువారీగా నడిపి రెండేళ్లలో ముగించాలి, కుదరకపోతే కారణాలు రాసి కేంద్ర పీఎఫ్ కమిషనరుకి పంపాలి, ఆయన మహా అయితే ఇంకో ఏడాది ఇవ్వగలడు. కోడ్ వచ్చేనాటికి నడుస్తున్న విచారణలకి అప్పటి నుంచి రెండేళ్లు. లేబర్ కోడ్లు 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చారు. నీ కేసు తేదీలకి ఏ నిబంధన ఎలా పడుతుందో నోటిఫికేషన్ ముందు పెట్టుకుని చూసుకో, ఎవరి వాట్సాప్ మాటా నమ్మకు. అదే సెక్షన్లో రెండో వైపు పదును కూడా ఉంది. బాకీ పడి ఐదేళ్లు దాటితే కొత్త విచారణ మొదలుపెట్టడానికి లేదు. మీ అరవై రెండు మందిలో విచారణ నోటీసులోని కాలానికి బయట పనిచేసిన వాళ్లెవరైనా ఉంటే వాళ్ల ఫిర్యాదు ఈ వారమే పడాలి. ఈ ఉత్తరంలో నువ్వు పరుగెత్తాల్సిన పని ఇదొక్కటే.

సాగదీయడం యజమానికి ఇదివరకంత ఖరీదు కూడా కాదిప్పుడు. ఆరు నెలలు దాటిన బకాయి మీద 14బి సెక్షన్ కింద వేసే నష్టపరిహారం ఏడాదికి 25 శాతం ఉండేది. 2024 జూన్ 14 నుంచి నెలకి 1 శాతం చేశారు. 7క్యూ సెక్షన్ వడ్డీ, ఏడాదికి 12 శాతం, మాత్రం అలాగే ఉంది. ఈ తగ్గింపు నాకు నచ్చలేదు, నచ్చకపోతే ఎవరిక్కావాలి.

ఆలస్యం చేసే అసలు నష్టం వడ్డీలో కనపడదు. పెన్షన్‌కి పదేళ్ల సర్వీసు కావాలి. ఆరు నెలలూ ఆపైనా ఉంటే ఏడాదిగా లెక్కేస్తారు. అంటే తొమ్మిదేళ్ల ఆరు నెలలున్న మనిషికి నెలనెలా పెన్షన్, తొమ్మిదేళ్ల నాలుగు నెలలున్న మనిషికి ఒక్కసారి చేతిలో పెట్టే కాస్త డబ్బు. ఆ రెండు నెలలూ నీ కేసులో ఉన్న ఖాళీ నెలలే కావచ్చు. నోటుబుక్కులో పెన్షన్ వయసు 58 దగ్గర పడ్డ వాళ్ల పేజీ మూల మడిచి పెట్టు. చనిపోయిన వాళ్ల పేజీలు చింపకు. ఉద్యోగంలో ఉండగా పోయిన మనిషికి ఒక్క నెల చందా ఉన్నా కుటుంబానికి పెన్షన్ హక్కుంది. వాళ్ల ఇంటికి ముందు వెళ్లు.

హైకోర్టుకి ఎప్పుడు వెళ్లాలి? పట్టీ సిద్ధమై, త్వరగా ముగించమని స్పీడ్ పోస్టులో పంపిన వినతికి జవాబు రాకపోయాక. రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్‌లో ఒక్కటే అడుగు: ఫలానా విచారణని ఇరుపక్షాలకీ అవకాశమిచ్చి ఇన్ని వారాల్లో ముగించమని. డబ్బు ఇప్పించమని అడిగావా, వేరే దారి ఉంది కదా పొమ్మంటారు. గడువుతో ఉత్తర్వు వచ్చాక ఆ గడువు తీరే రోజు క్యాలెండర్లో ఎర్ర సిరాతో చుట్టు. దాన్ని పాటించకపోతే వేసే కోర్టు ధిక్కరణ పిటిషన్‌కి ఏడాదే టైము, చాలామంది 'ఇవాళో రేపో ఇస్తారు' అనుకుంటూ అది దాటించేస్తారు.

యజమాని రాకుండానే ఎక్స్‌పార్టీ ఆర్డరు వస్తే తాపేశ్వరం కాజాలు పంచకు. నోటీసు అందలేదనో, రాలేకపోవడానికి తగిన కారణముందనో మూడు నెలల్లోపు అడిగితే పాత చట్టం 7ఏ(4) కింద దాన్ని రద్దు చేయించుకోవచ్చు. యజమానికి నోటీసు అందిన రుజువు ఫైల్లో ఉందా లేదా అని అంతకుముందే చూసుకో. సరైన ఆర్డరు వచ్చినా పాత చట్టం ప్రకారం 60 రోజుల్లో యజమాని ట్రిబ్యునల్‌కి అప్పీలు వెళ్లొచ్చు, ముందు బాకీలో 75 శాతం డిపాజిట్, దాన్ని ట్రిబ్యునల్ తగ్గించవచ్చు. కొత్త కోడ్‌లో డిపాజిట్ 25 శాతమే. అప్పీలులో మీ వాళ్లని పార్టీలుగా చేర్చమని నువ్వే పిటిషన్ వెయ్యి, లేకపోతే స్టే వచ్చిన సంగతి కూడా మీకు తెలియదు. ఆరు నెలలైతే స్టే దానంతటదే పోతుందన్న మాట సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి తీర్పుతో పోయింది, ఎత్తేయమని అడగాల్సింది మనమే.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. నువ్వు వారానికి రెండుసార్లయినా ఫోన్ చెయ్యి దానికి. పొద్దున్నే తినకుండా ఆఫీసుల చుట్టూ తిరగకు, నీకు కళ్లు తిరిగే అలవాటుంది.

లాంగు నోటుబుక్కులు కొనకు. నా దగ్గర అట్ట గట్టివి రెండున్నాయి, గీతలు కూడా కొట్టి ఉంచాను. శనివారం వచ్చి పట్టుకెళ్లు.

మీ మావయ్య