గూడ్సు బండి ఆఖరి డబ్బా: మీరు అడిగినయి, నేను చెప్పినయి

పోయిన సంచికల జడ్చర్ల గేటు కాడ నిలబడి గూడ్సు డబ్బాలు లెక్కపెట్టిన సంగతి రాసిన కద, దానికి ఇన్ని ఉత్తరాలు, ఇన్ని వాట్సాప్ మెసేజీలు వస్తయని అనుకోలే. అన్నిటికి జాగ లేదు, నాలుగు తీసుకున్న.

ప్రశ్న: మావాడు అమెరికాల ఉంటడు. మొన్న ఒక పార్కుల ఎర్ర రంగు రైలు డబ్బా పక్కన మనుమరాలిని నిలబెట్టి ఫొటో పంపి, దీన్ని కబూస్ అంటరు నాన్నా అన్నడు. నాకైతె చూడంగనే మన గూడ్సుల ఎనక గార్డు డబ్బా యాదికొచ్చింది. రెండూ ఒకటేనా? మన దగ్గర గూడ గార్డు డబ్బా తీసేస్తరంటున్నరు, నిజమేనా?
(రిటైర్డు టీచరు, దేవరకద్ర)

జవాబు: పని ఒకటే సార్, సంసారం వేరు. అక్కడి దాంట్ల కండక్టరు, బ్రేకులు చూసేటోళ్లు కలిసి ఉంటుండ్రి, చలికి పొయ్యి, పండుకునేటందుకు బల్లలు, వంట గూడ అండ్లనే. కొన్నిటికి నెత్తి మీద గూడు లెక్క చిన్న అద్దాల గది ఉంటది, మీ ఫొటోల ఉందేమో చూడుండ్రి, అది షోకు కోసం పెట్టింది కాదు, అండ్ల కూసొని ముందున్న డబ్బాల మీద ఓ కన్నేసి పెట్టాలె, ఎక్కడన్న యాక్సిలు వేడెక్కి పొగ లేస్తుందేమోనని. 1980లల్ల కంపెనీలు, యూనియన్లు ఒప్పందం చేసుకున్నంక అవి మెల్లగ పోయినయి. వాటి బదులు ఆఖరి డబ్బాకు ఎర్ర లైటు కొట్టుకునే చిన్న పెట్టె తగిలిచ్చిండ్రు, అక్కడి రైలోళ్లు దానికి ఫ్రెడ్ అని ముద్దుపేరు పెట్టుకున్నరు. పని లేకుండ అయిన డబ్బాలు పార్కులకు, హోటళ్లకు చేరినయి, మీ మనుమరాలు నిలబడ్డది అసొంటి దాని పక్కనే.

మన దాంట్ల గార్డు ఒక్కడే. చేతి బ్రేకు చక్రం, పాత బండ్లల్ల బ్రేకు పైపుల వ్యాక్యూం (గాలి గుంజేసి ఖాళీ చేసినతనం) ఎంతుందో చూపే గేజీ, ఎర్ర జెండా, పచ్చ జెండా, చేతి లాంతరు, ఇంకా ఒక డబ్బల డిటోనేటర్లు, అంటే పట్టా మీద కట్టే టపాకాయలు. బండి అడవి నడుమ ఆగిపోయిందనుకోండ్రి, ఎనక నుంచి ఇంకో బండి వచ్చి గుద్దకుండ గార్డు దిగి పట్టాల వెంబడి ఎనక్కి నడవాలె, మీటరు గేజీ (రెండు పట్టాల నడుమ ఒక మీటరు ఎడం ఉండే లైను) అయితె 400 మీటర్ల కాడ ఒకటి, 800 మీటర్ల కాడ పది పది మీటర్ల ఎడంతోని మూడు కట్టాలె, బ్రాడ్‌గేజీకి (అంతకన్న వెడల్పు లైను) అయితె 600, 1200. వచ్చే ఇంజను చక్రం దాని మీదికి ఎక్కంగనే టప్పుమని పేలుతది, డ్రైవరుకు అర్థమైతది. రాత్రిపూట, వానల, చేతిల లాంతరు పట్టుకొని ఒక్కడే అంత దూరం. మనకేమో చిన్నప్పుడు గార్డంటే జెండా ఊపేటాయన, మనం చెయ్యి ఊపితె తిరిగి ఊపేటాయన, అంతే తెలుసు.

మన దగ్గర డబ్బా ఇంక పూర్తిగ పోలే. ఈఓటీటీ అనే పరికరం పెట్టి తీసేద్దామని రైల్వే చూస్తుంది, ఇంజనుల ఒకటి, ఆఖరి డబ్బాకు ఒకటి, రెండూ రేడియోల మాట్లాడుకుంటయి, బండి నడుమల తెగితె బ్రేకు పైపుల గాలి పడిపోయిన సంగతి డ్రైవరుకు తెలిసిపోతది. 2022 జనవరిల గార్డు పేరు గూడ ట్రైన్ మేనేజర్ అని మార్చిండ్రు. నా నోటికి మాత్రం ఇంక గార్డే వస్తది.

ప్రశ్న: అన్నా, నాకు పాత రైళ్ల ఫొటోలు తీసుడు పిచ్చి. కానీ మా దిక్కు ఆవిరి ఇంజను ఏడుంది? నా దగ్గర ఫోనే ఉంది, కెమెరా లేదు.
(డిగ్రీ స్టూడెంటు, మిర్యాలగూడ)

జవాబు: తమ్ముడూ, మీ లైను 1980లల్ల డైరెక్టుగ బ్రాడ్‌గేజీ వేసింది, మీటరు గేజీ మీకు రానే రాలే, అది మా పాలమూరు, గద్వాల దిక్కు. మాది గూడ 1990లల్ల పీకేసి వెడల్పు చేసిండ్రు. ఆవిరి ఇంజను పట్టాల మీద నడుస్తుంటె చూడాలంటె మెట్టుపాళెం పో, ఊటీ దాకా 46 కిలోమీటర్లు, ఒకప్పటి మా పాలమూరు పట్టాల వెడల్పే, 1000 మిల్లీమీటర్లు. ఆగి ఉన్నయి చాలంటె మైసూరుల, ఢిల్లీ చాణక్యపురిల రైల్వే మ్యూజియాలు ఉన్నయి.

అయితె నన్నడిగితె ముందుగాల మీ ఊర్లనే మొదలుపెట్టు. బియ్యం బండ్లు, సిమెంటు బండ్లు మీ స్టేషన్ ముందు నుంచే కద పోతయి. అందరు ఏం చేస్తరంటె ఇంజను వచ్చేటప్పుడు టకటక నాలుగు కొట్టి ఫోను జేబుల పెట్టుకుంటరు. నువ్వు ఆగు. 58 డబ్బాల గూడ్సు బండి గంటకు 50 కిలోమీటర్ల స్పీడుల పోయినా ఒక నిమిషం లోపలే అయిపోతది, ఆ నిమిషం ఓపిక పట్టు, ఆఖరుకు గార్డు డబ్బా వస్తది, వరండాల మనిషి నిలబడి ఉంటడు, ఆ ఫొటో ఎవరి దగ్గర ఉండది. నా దగ్గరనే లేదు, చిన్నప్పటి నుంచి ఇంజన్ల ఫొటోలు మస్తు తీసిన, డబ్బాలయి రెండో మూడో, అయి గూడ మసక.

పొద్దు నీ వీపు ఎనక ఉండాలె, పొద్దుగాల ఏడు ఎనిమిది లోపల గాని సాయంత్రం గాని. ఫోనుల జూమ్ చెయ్యకు, బొమ్మ పాడైతది, బర్స్ట్ (ఎంటెంట ఫొటోలు తీసేది) పెట్టి కొట్టు. మసక చీకట్ల ఎర్ర దీపం దూరం పోతుంటె ఫోనును ప్లాట్‌ఫామ్ స్తంభానికి ఆనిచ్చి తియ్యి. ఫ్లాష్ అస్సలు వద్దు, డ్రైవరు కండ్లల పడ్తది. ప్లాట్‌ఫామ్ టికెట్ పది రూపాయలు, రెండు గంటలు నడుస్తది, స్టేషన్ మాస్టరుకు ఒక మాట చెప్పి తీసుకో. పట్టాల మీదికి దిగినవనుకో, రైల్వే చట్టం 147 సెక్షను కింద ఆరు నెలల దాక జైలు, లేదంటె వెయ్యి రూపాయల దాక జరిమానా. రీల్స్ కోసం పట్టాల నడుమ నిలబడేటోళ్లను చూస్తె నాకు కాళ్లు వణుకుతయి.

ప్రశ్న: మా తాత స్టేషన్ల దిగిన ఫొటో ఒకటి ఫ్రేముల ఉంది, ఎనక ఇంజను, డబ్బా కనిపిస్తయి. ఏ ఏటిదో ఎట్ల తెలుసుకోవాలె? ఫొటో అద్దానికి అతుక్కుంది.
(గద్వాల)

జవాబు: డబ్బా మీద అక్షరాలు చూడుండ్రి. ఎన్ఎస్ఆర్ అని ఉంటె నిజాం స్టేట్ రైల్వే కాలం. 1951 నవంబరుల అది సెంట్రల్ రైల్వేల కలిసింది, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. అయితె రంగు మళ్ల వేసే దాక పాత పేరే ఉంటుండె గనుక ఒకటి రెండేండ్లు అటుఇటు అనుకోండ్రి. ఇంజను మీద వైపీ అని ఉంటె మీటరు గేజీ ప్యాసింజరు ఇంజను, వైజీ అయితె గూడ్సుది. అతుక్కున్న ఫొటోను మాత్రం గుంజకండ్రి, అద్దంతోనే కొంచెం ఏటవాలుగ పెట్టి కిటికీ వెలుతురుల ఫోనుతోని తీసి పెట్టుకోండ్రి. లామినేషన్ షాపుకు అసలే తీసుకపోకండ్రి.

ప్రశ్న: మీరంత అబ్బ ఎంత బాగుండె అని రాస్తుంటె నాకు నవ్వొస్తది. మా నాయన గూడ్సు గార్డు చేసి రిటైర్ అయిండు. ఆ డబ్బల టాయిలెట్ లేదు, ఫ్యాను లేదు, రాత్రి లైటు గూడ లేదు. ఇంటికొచ్చి రెండు దినాలు నడుము పట్టుకొని పండుకుంటుండె. దాంట్ల ఏం అందం కనిపించింది సార్ మీకు?
(మహబూబ్‌నగర్)

జవాబు: అక్కా, మీరన్నది నిజం, నేను తప్పిచ్చుకోను. చిన్నప్పుడు ఒకసారి ఆగి ఉన్న బండిల ఒక గార్డాయన నన్ను ఎత్తి లోపల నిలబెట్టిండు, గంతల్నె ముందు ఇంజను గుంజింది, ఆ దెబ్బ అన్ని డబ్బాలు దాటి ఆఖరుకు మా కాడికి వచ్చేసరికి నేను పోయి గోడకు తగిలిన, నాలుక కొరుక్కున్న. ఆయన నవ్విండు, ఇది రోజు ఉండేదే బిడ్డా అన్నడు. అది నేను ఎప్పుడు రాయలే, జెండా ఊపుడే రాసిన. పాత రైలంటె ఒట్టి తీపే కాదని మా ఇంట్ల గూడ తెలుసు, 1956 సెప్టెంబరుల జడ్చర్లకు మహబూబ్‌నగర్‌కు నడుమ వంతెన కూలి వంద మందికి పైన సచ్చిపోయిండ్రు, రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తానంటె నెహ్రూ అప్పుడు ఒప్పుకోలే. మా నాయన ఆ మాటొస్తె బీడీ ముట్టిచ్చుకొని బయటికి పోతుండె.

మీ నాయన దగ్గర కూసొని ఆ రాత్రులు ఎట్ల గడిచేటివో అడిగి ఫోనుల రికార్డు చేసి పంపుతరా? ఆయన తిట్టిన తిట్లు గూడ ఉంచుండ్రి. వచ్చే సంచికల ఈ పేజీ మొత్తం ఆయనకే ఇస్త, నేను ఒక్క ముక్క గూడ కలపను.