పెళ్లి శుభలేఖ ఫోన్‌లో తెరుచుకోవట్లేదు

ప్రశ్న: 2009లో మా చెల్లి పెళ్లికి బ్రాడీపేటలో ఒక కుర్రాడితో కదిలే బొమ్మల శుభలేఖ చేయించాం. ఫైలు పేరు చివర ఎస్‌డబ్ల్యూఎఫ్ అని ఉంది. ఫోన్‌లో తెరుచుకోవట్లేదు. పాడైపోయిందా సార్?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పాడవలేదమ్మా. అది ఫ్లాష్ ఫైలు. అసలు వీడియోనే కాదు, ఏ బొమ్మ ఎటు కదలాలో చెప్పే సూచనల మూట. వాటిని చదివే ఫ్లాష్ ప్లేయర్‌ను అడోబీ కంపెనీ 2020 డిసెంబరు 31తో ఆపేసింది. ఫైలు పేరు చివర ఎంపీ4 (మామూలు వీడియో ఫైలు రకం) అని మార్చి చూసే ఉంటారు. నేనూ చేశాను ఆ పని, ఏమీ ఒరగలేదు.

కంప్యూటర్‌లో ఫ్లాష్ ఫైళ్లను చదవగలిగే రఫుల్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని అందులో తెరవండి. బొమ్మ కదిలితే సగం పని అయినట్టే. తర్వాత ఓబీఎస్ స్టూడియోతో ఆ విండోను రికార్డు చేయండి, అదీ ఉచితమే. రికార్డింగ్ ఫార్మాట్ ఎంపీ4, ఎన్‌కోడర్ (వీడియోను కుదించే పద్ధతి) హెచ్.264 పెడితే దాదాపు ఏ ఫోన్‌లోనైనా ఆడుతుంది. డెస్క్‌టాప్ ఆడియో (కంప్యూటర్‌లో వినిపించే శబ్దం) మ్యూట్‌లో లేదని చూసుకోండి. మొదటిసారి నాకు సన్నాయి లేని పెళ్లి వచ్చింది!

శుభలేఖలో నొక్కే బటన్లుంటే వీడియోలో అవి పనిచేయవు. రికార్డవుతుండగానే మౌస్‌తో ఒక్కొక్కటీ నొక్కుతూ పోవాలి. పాత ఫైలు మాత్రం తీసేయకండి.