‘ఎఫ్’ని చివర పెట్టండి చాలు

ప్రశ్న: లినక్స్‌లో నా ప్రాజెక్ట్ ఫోల్డర్ బ్యాకప్ తీద్దామని టార్ కమాండ్ వాడాను. హైఫన్ పెట్టి సి, ఎఫ్, జెడ్ వరసగా కొట్టి, ఆ తర్వాత బ్యాకప్ ఫైల్ పేరు, చివర ఫోల్డర్ పేరు ఇచ్చాను. బ్యాకప్ ఫైల్ లేదంటూ ఎర్రర్ వచ్చింది. లేదు కాబట్టే కదా తయారుచెయ్యమన్నది! పైగా ఇప్పుడు ‘జెడ్’ అనే పేరుతో నేను పెట్టని ఫైల్ ఒకటి కనిపిస్తోంది. వైరస్సా?

జవాబు: వైరస్ కాదు, టెన్షన్ పడకండి. ఆ ‘జెడ్’ అనే ఫైలే మీ బ్యాకప్.

టార్ పని ఫైళ్లన్నిటినీ ఒక్క మూటగా కట్టడం, ఆ మూటనే ఆర్కైవ్ అంటారు. సి అంటే కొత్త ఆర్కైవ్ తయారుచెయ్యమని, జెడ్ అంటే సైజు తగ్గించే జీజిప్ అనే ప్రోగ్రాంతో కుదించమని. ఈ రెండూ ఒంటరిగా నిలబడే ఆప్షన్లు. ఎఫ్ అలా కాదు, దాని వెనకాల ఒక ఫైల్ పేరు ఉండి తీరాలి. హైఫన్ పెట్టి రాసినప్పుడు ఎఫ్‌కి ఆనుకుని ఏముంటే అదే పేరు అనుకుంటుంది. మీరు ఆనించింది జెడ్‌ని. అందుకని ‘జెడ్’ అనే ఆర్కైవ్ తెరిచింది, బ్యాకప్ ఫైల్ పేరునేమో అందులో పెట్టాల్సిన సరుకు అనుకుని వెతికింది, దొరక్కపోయేసరికి ఎర్రర్ ఇచ్చి, ఫోల్డర్‌ని మాత్రం లోపల పెట్టేసింది. కుదించమన్న మాట దానిదాకా చేరనే లేదు కాబట్టి సైజు కూడా తగ్గి ఉండదు. హైఫన్ టి ఎఫ్ ఇచ్చి ఆ ఫైల్ పేరు కొట్టి చూడండి, మీ ఫైళ్ల లిస్టు మొత్తం వస్తుంది. పేరు మార్చుకుని, జీజిప్ చేసుకుంటే పని అయిపోయినట్టే.

ఇకమీదట సి జెడ్ ఎఫ్ అని రాయండి, ఎఫ్ చివర. మీ స్నేహితుల్లో ఎవరైనా ‘నేను సి ఎఫ్ జెడ్ అనే కొడతాను, బాగానే పనిచేస్తుంది’ అంటే వాళ్లు హైఫన్ పెట్టడం లేదని అర్థం. టార్ 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో వచ్చిన పాత ప్రోగ్రాం, దాని పాత పద్ధతిలో హైఫన్ లేకుండా అక్షరాలన్నీ ఒక గుంపుగా ఇస్తే, వాటికి కావాల్సిన పేర్లని గుంపు అయిపోయాక వరసలో తీసుకుంటుంది. ఒక్క హైఫన్‌తో అర్థం మారిపోవడం అన్యాయమే గానీ, అది అలాగే ఉంది.

మీకు జరిగింది నిజానికి చిన్న విషయం. ఆర్కైవ్ పేరు ఇవ్వడం మరిచిపోయి సి జెడ్ ఎఫ్ తర్వాత నేరుగా మీ ఫైళ్ల పేర్లు కొట్టారనుకోండి, మొదటి ఫైల్ పేరునే ఆర్కైవ్ పేరు అనుకుని దాని మీద రాసేస్తుంది, అడగదు కూడా. అందులో ఉన్న మీ రాతలు పోయినట్టే. నక్షత్రం గుర్తు వాడి ఫోల్డర్‌లో ఉన్నవన్నీ ఇచ్చేవాళ్లకి ఇది మరీ ప్రమాదం, మొదట ఏ ఫైల్ వస్తుందో కళ్లకి కనబడదు కదా. ఒకే ఒక్క పేరు ఇస్తే మాత్రం గ్నూ టార్ (లినక్స్‌లో మామూలుగా ఉండే టార్) ‘ఖాళీ ఆర్కైవ్ చెయ్యడానికి పిరికిగా నిరాకరిస్తున్నాను’ అనే అర్థం వచ్చే మెసేజ్ ఇచ్చి ఆగిపోతుంది. విప్పడానికి ఎక్స్ కొట్టబోయి సి కొట్టేసిన చాలామంది బ్యాకప్‌లని ఆ పిరికితనమే కాపాడుతోంది.

ప్రశ్న: సెవెన్ జిప్‌లో ‘ఇ’ కమాండ్‌తో ఆర్కైవ్ విప్పితే లోపలి ఫోల్డర్లన్నీ మాయమై ఫైళ్లన్నీ ఒకేచోట కుప్పగా పడ్డాయి. ఆర్కైవ్ పాడైందా?

జవాబు: పాడవలేదు. ఇ చేసే పనే అది: ఫోల్డర్ల దారి వదిలేసి ఫైళ్లని మాత్రం బయటికి తీస్తుంది. ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టు రావాలంటే ‘ఎక్స్’ వాడండి. ఇ వాడినప్పుడు వేర్వేరు ఫోల్డర్లలో ఒకే పేరున్న ఫైళ్లు ఉంటే, పాతదాని మీద రాయమంటావా అని అడుగుతుంది, చిరాకేసి ‘అన్నిటికీ అవును’ కొట్టారో, చివరిగా విప్పిందొక్కటే మిగులుతుంది. అసలు ఆర్కైవ్ ఇంకా మీ దగ్గరే ఉంటే ఇంకో ఖాళీ ఫోల్డర్‌లోకి మళ్లీ విప్పుకోండి.

ఏ ఫోల్డర్‌లోకి విప్పాలో చెప్పే హైఫన్ ‘ఓ’ దగ్గర ఇంకో తిరకాసు ఉంది: ‘ఓ’కి, ఫోల్డర్ పేరుకి మధ్య ఖాళీ ఉండకూడదు. టార్‌లో ఇదే పనికి క్యాపిటల్ సి వాడతాం, అక్కడ ఖాళీ ఇచ్చే రాస్తారు. అన్‌జిప్‌లో హైఫన్ డి, అక్కడా ఖాళీయే. పాస్‌వర్డ్ పెట్టే హైఫన్ పి కూడా సెవెన్ జిప్‌లో ఖాళీ లేకుండానే, కానీ నన్నడిగితే పి పక్కన ఏమీ రాయకండి, అదే అడుగుతుంది. కమాండ్‌లో రాస్తే పాస్‌వర్డ్ మీ టెర్మినల్ హిస్టరీలో మిగిలిపోతుంది.

ప్రశ్న: వీడియోల ఫోల్డర్‌ని జిప్‌లో లెవెల్ 9 పెట్టి కుదించినా సైజు దాదాపు అంతే ఉంది.

జవాబు: ఉంటుంది. ఎంపీ4, జేపెగ్ లాంటివి పుట్టుకతోనే కుదించి ఉంటాయి, వాటిలో ఇంకా పిండడానికేమీ ఉండదు. హైఫన్ 0 ఇవ్వండి, కుదించకుండా ఒక్క మూటగా కడుతుంది, టైమూ కలిసొస్తుంది. మామూలు టెక్స్ట్ ఫైళ్లకైనా సరే డిఫాల్ట్‌గా ఉండే 6 నుంచి 9కి వెళ్తే వచ్చే లాభం తక్కువ, వెయిటింగ్ ఎక్కువ.

ప్రశ్న: జీజిప్ చేశాక నా అసలు ఫైల్ కనిపించడం లేదు. తిరిగి తెచ్చుకోవచ్చా?

జవాబు: తెచ్చుకోవచ్చు, హైఫన్ డి ఇచ్చి విప్పండి. జీజిప్ పని అయ్యాక అసలు ఫైల్‌ని తీసేస్తుంది, విప్పినప్పుడు కుదించినదాన్నీ అలాగే తీసేస్తుంది. రెండూ ఉండాలంటే హైఫన్ కె కలపండి. మీ సిస్టంలో పాత వెర్షన్ ఉండి కె తెలియదంటే, హైఫన్ సి ఇచ్చి వచ్చే ఔట్‌పుట్‌ని బాణం గుర్తుతో వేరే ఫైల్‌లోకి పంపండి, అసలుది కదలదు. ఆ సి, పైన టార్‌లో చెప్పిన సి ఒకటి కావు, కలిపేసుకోకండి.